పన్నెండు దాటితే దారి మీదే

పోయిన వారం ఈరేష్‌ను మనం బండకొట్టాల ఊరి మొదట్లో, ఒక కాలు కారులో, ఒక కాలు దుమ్ములో పెట్టుకుని గొణుగుతుండగా వదిలేసి వచ్చాం. అతన్ని అక్కడికి లాక్కొచ్చింది నాగలత. రేసుల్లో అతని పక్క సీట్లో కూర్చుని, ముందు రాబోయే మలుపులన్నీ పుస్తకంలోంచి గట్టిగా చదివి వినిపించే అమ్మాయి. రెండు నెలల కిందట ఈ ఊరి పక్కనున్న వంకలో బండి పల్టీ కొట్టినప్పుడు ఈరేష్‌కు రెండు పక్కటెముకలు విరిగాయి, ఆమెకు భుజం విరిగింది. సోమవారం కర్నూలులో ఆ ప్రమాదం మీద విచారణ. దానికి ముందు ఒక మనిషిని చూడాలి రమ్మంది. ఎవర్నంటే మాత్రం పెదవి విప్పలేదు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వాళ్ళకు ఈరేష్ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. పత్తికొండ వాడు. మీసం సరిగా రాకముందే టమోటా బండి ఎక్కాడు. కాయ నలగకుండా, వేలంపాట మొదలుకాక ముందే మార్కెట్టుకు చేర్చేవాడు. ఆ చేతి నేర్పు చూసి ముచ్చటపడి, విత్తనాల వ్యాపారి లక్ష్మీనరసయ్య శెట్టి ఒక పాత కారు కొనిచ్చి మట్టిరోడ్ల రేసుకు పంపాడు. పన్నెండేళ్ళు తిరిగేసరికి దేశంలో ఆ రేసులు ఆడేవాళ్ళందరికంటే ఎక్కువ పాయింట్లు ఈరేష్‌కే ఉన్నాయి. వచ్చే నెల కోయంబత్తూరులో ఆఖరి పోటీ. అది గెలిస్తే దేశానికి మొనగాడు. ఇప్పుడు అతని రేసుల వ్యవహారమంతా శెట్టిగారి కొడుకు ధనుంజయ చూస్తాడు.

ఇక నోరు. బండి కంటే అదే ముందు పోతుంది. కప్పు ఇచ్చిన పెద్దమనిషితోనే, స్టేజీ మీదే, ఈ కప్పులో టీ పోసినా కారిపోతుందని చెప్పిన ఘనుడు. రేసులు నడిపే సంఘం వాళ్ళకు రోడ్డు మీద రాయికీ గుంతకీ తేడా తెలీదని పేపర్లో వేయించాడు. కుర్రకారు ఈలలు వేసింది. సంఘం రెండుసార్లు కాగితం పంపింది. మూడోసారి నోరు జారితే ఏడాది పాటు లైసెన్సు ఉండదని అందులో రాసి ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళమ్మ చెప్పని రోజు లేదు. ఈరేష్ వినని రోజూ లేదు, పాటించిన రోజే లేదు.

ప్రమాదం జరిగిన మర్నాడు ఆసుపత్రి మంచం మీద నుంచే టీవీ వాళ్ళతో మాట్లాడాడు. దారి మూసినామని చెప్పినా బుద్ధి లేకుండా గొర్రెలు తోలినారన్నాడు. తాము తలకిందులుగా వేలాడుతుంటే సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకున్నారన్నాడు. ఎవడో ఇంజిన్ మీద గుడ్డలు వేసి అంటించబోయాడన్నాడు. ఆ మాటలు ఊరూరా తిరిగాయి. వాటిని పట్టుకునే పోలీసులు బండకొట్టాల గొర్రెల కాపరి అయ్యన్న మీద కేసు రాశారు.

ఇంతకీ నాగలత తీసుకొచ్చింది ఆ అయ్యన్న ఇంటికే. ఊరి చివర రాతిగోడల కొట్టం, ముందు కొయ్యల పందిరి, పక్కన ముళ్ళకంప వేసిన గొర్రెల దొడ్డి. గుమ్మం దగ్గర ఇంటాయన పేరు వినగానే ఈరేష్‌కు ఒళ్ళు మండింది. రాజీ కోసం తెచ్చావా అని ఆమెను అక్కడే కడిగేయబోయాడు. ఈలోగా లోపలినుంచి ఒక ముసలామె తొంగిచూసింది, చూసి నవ్వింది, నవ్వుతూనే పందిట్లోకి నులకమంచం లాగింది. తిట్టడానికి వచ్చినవాళ్ళను తిట్టడం ఈరేష్‌కు వెన్నతో పెట్టిన విద్య. నవ్వుతూ మంచం వేసేవాళ్ళను ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. కూర్చున్నాడు.

ఆమె అయ్యన్న భార్య హులిగెమ్మ. రెండు చెంబుల్లో మజ్జిగ తెచ్చింది. పక్కటెముకలు అతుక్కున్నాయా అని ఈరేష్‌ను, చెయ్యి పైకి లేస్తోందా అని నాగలతను అడిగింది. నాగలత చెయ్యి ఎత్తి చూపించింది. ఇద్దరికీ ముందే పరిచయం ఉన్నట్టు ఈరేష్‌కు అప్పుడు అర్థమైంది. భుజం కుదురుకున్నాక నాగలత ఒక్కతే బస్సెక్కి రెండుసార్లు ఇక్కడికి వచ్చిపోయిందట. తనకు ఎందుకు చెప్పలేదో అడగాలనుకున్నాడు. చెబితే తను వినేవాడా అని కూడా అతనికే అనిపించింది.

అంతలో దొడ్డి వైపు నుంచి అయ్యన్న వచ్చాడు. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఈరేష్ లోలోపల నడుం బిగించాడు. ముసలాయన ఒక మాట అంటే తను పది అనడానికి సిద్ధంగా ఉన్నాడు. అయ్యన్న దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"నీకు దండం పెట్టల్లని రెండు నెల్లనుంచి కాచుకోనుండా నాయనా," అన్నాడు. "ఆ పొద్దు నువ్వు బండిని వంకలోకి తిప్పకపోయింటే నా మందంతా చక్రాల కింద పోయుండు. నీ ఎముకలిరగ్గొట్టుకొని నా జీవాలను నిలబెట్టినావు. పెద్దబిడ్డ పెండ్లప్పుడు గూడా ఇంతగా దేవునికి మొక్కల్యా నేను."

ఈరేష్ నాగలత వైపు చూశాడు. నిజమేమిటో అతనికి తెలుసు, నాగలతకు తెలుసు. ఆ దుమ్ములో అతనికి కనబడింది గొర్రెలు కావు. ఏదో గోధుమరంగు ముద్ద. రాయి అనుకున్నాడు. రాయికి తగిలితే బండి ముక్కలవుతుందని చక్రం తిప్పాడు. జాలీ లేదు, దయా లేదు. అవి గొర్రెలని వంకలో తలకిందులుగా వేలాడుతున్నప్పుడు గానీ తెలియలేదు. తెలిసిన మరుక్షణం నుంచి వాటినీ, వాటి కాపరినీ తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు తిన్న మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి దండం పెడుతున్నాడు.

అప్పుడు చూశాడు ఆ చేతులు. అరచేతుల్లో చర్మం తెల్లగా, గులాబీరంగు మచ్చలతో మెరుస్తోంది. ఎడమచేతి వేళ్ళు పూర్తిగా చాపుకోవడం లేదు.

చేతులకేమైందని అడిగాడు. అయ్యన్న వాటిని పంచె మడతలో దాచుకుని, ఏదో కాలినాయిలే అన్నాడు. హులిగెమ్మకు అంత మొహమాటం లేదు. మొత్తం చెప్పింది. బండి పల్టీ కొట్టగానే ముందు పరిగెత్తింది వీళ్ళిద్దరే. ఇంజిన్ దగ్గర మంట లేచింది. పెట్రోలు కారుతోంది. అయ్యన్న భుజం మీది కంబళి తీసి, వంకలో గొర్రెల కోసం తవ్విన చెలిమ నీళ్ళలో ముంచి, తడి కంబళిని ఇంజిన్ మీద కప్పి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఉన్నికి తొందరగా నిప్పంటుకోదు, అది గొర్రెలు కాచే ప్రతివాడికీ తెలుసు. మంట ఆరిపోయేదాకా అతను చేతులు తీయలేదు. ఈలోగా ఆమె నడుముకున్న కొడవలి తీసి సీటు బెల్టులు కోసింది. ముందు పిల్లను లాగింది, తర్వాత ఈరేష్‌ను. ఈరేష్‌కు అప్పటికి సగం స్పృహ లేదు. ఫోన్లు పట్టుకుని నిలబడిన వాళ్ళంటావా, వాళ్ళంతా రేసు చూడ్డానికి మోటారుసైకిళ్ళ మీద వచ్చిన పై ఊర్ల వాళ్ళు. ఆ కంబళి ఇంకా దొడ్డి గోడ మీద ఉంది, నడుమ పెద్ద తూటు పడింది. మొన్నటి వానలో పుట్టిన గొర్రెపిల్లను దాంట్లోనే చుట్టారు.

ఎవడో గుడ్డలు వేసి అంటించబోయాడు. తన మాటే తన చెవిలో మోగింది ఈరేష్‌కు. ఆ మాట టీవీలో ఎన్నిసార్లు వేశారో, తను ఎన్నిసార్లు ఫోన్లో చూసుకుని మీసం దువ్వుకున్నాడో గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక ముందుకు వంగి, అయ్యన్న పంచెలో దాచుకున్న చేతులను బయటికి తీసి తన మొహానికి ఆనించుకున్నాడు. ఏడ్చాడని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. అతనికీ లేకపోయింది. తను ఊపిరి తీసుకుంటున్నది ఈ చేతుల వల్ల. ఇన్నాళ్ళూ డాక్టర్లకూ, బండి లోపల బిగించిన ఇనుప గొట్టాలకూ, తన అదృష్టానికీ చెప్పుకున్న కృతజ్ఞత అంతా చేరాల్సిన చోటు ఇదని ఇప్పుడు తెలిసింది. ఆ బరువు భరించలేకపోయినా, మనసుకు మాత్రం హాయిగా ఉంది.

"నన్ను చమించు చిన్నాయనా," అన్నాడు. "నాకు తెలీక ఏమేమో వాగినా."

చిన్నపిల్లలు ఆడుకుంటూ కొట్టుకున్నా ఇంత బాధపడరని అయ్యన్న అతన్ని మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టాడు. హులిగెమ్మ జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తెచ్చింది. తినేదాకా ఎవరూ ఏమీ మాట్లాడకూడదని ఆర్డరు వేసింది. ఈరేష్ రొట్టె విరిచి నోట్లో పెట్టుకున్నాడు. అతను నోరు మూసుకుని ఒక పూట కూర్చోవడం నాగలత ఏడేళ్ళలో అదే మొదటిసారి చూడటం.

రొట్టె అయిపోయింది. అతని మనసులో మాత్రం ఒక ముల్లు మిగిలింది. ఈసారి కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఇంత తెలివైన మనిషివి, దారి మూసినారని తెలిసి కూడా మందను ఎందుకు తోలావు చిన్నాయనా అన్నాడు.

అయ్యన్న మొహంలో ఆశ్చర్యం కనిపించింది. అప్పుడు దారి యాడ మూసినారు అన్నాడు.

"తప్పెట కొట్టే ఉరుకుందు వచ్చి దండోరా ఏసినాడు గదా నాయనా. పొద్దున ఎనిమిదికి దారి మూస్తారు, పన్నెండు దాటితే దారి మీదే అని మూడు వీధుల్లో చాటినాడు. పన్నెండు దాటినంక ఇంగా పది నిమిషాలు కాచుకొనే ఇడిసినా. గొర్రెలకు నీళ్ళ పొద్దు అది, అంతకంటే నిలవవు."

దండోరా అంటే ఆ ఊళ్ళో ఏమిటో ఈరేష్‌కు వేరే చెప్పనక్కర్లేదు. పత్తికొండ పక్క పల్లెల్లో పెరిగినవాడికి అది తెలుసు. చెరువు నీళ్ళ వంతు మారినా, జాతర రోజు మారినా తప్పెట కొట్టి చాటాల్సిందే. ఒకసారి చాటిన మాటను ఇంకోసారి తప్పెట కొట్టి చాటితేనే మార్చినట్టు. అంతదాకా ముందుమాటే మాట. కలెక్టరు వచ్చి నోటితో చెప్పినా బండకొట్టాల వాళ్ళు ఉరుకుందు తప్పెట కోసమే చెవి ఒగ్గుతారు. ఆ రోజు రెండో తప్పెట మోగలేదు. రేసు వాళ్ళు మూసివేతను ఒంటిగంట దాకా పొడిగించింది నిజమే. ఆ సంగతి తమ మనుషుల ఫోన్లకు మెసేజ్ పెట్టి చేతులు దులుపుకున్నారు.

మరి పొడిగించింది ఎందుకు? ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈరేష్‌కు అతని మనసే వేసింది. జవాబు కూడా అదే చెప్పింది.

ఆ పొద్దున స్టార్టింగు గీత దగ్గర ముందు కారు రేపిన దుమ్ము చూసి ఈరేష్ బండి దిగాడు. కారుకూ కారుకూ నడుమ రెండు నిమిషాలు చాలవు, మూడు ఇస్తే గానీ కదలనన్నాడు. దుమ్ములో చచ్చేది మేమా, మీరా అని అధికారిని పదిమందిలో నిలదీశాడు. నలభై నిమిషాలు రేసు ఆగిపోయింది. చివరికి వాళ్ళే దిగొచ్చారు. అడిగినదాంట్లో తప్పు లేదు, దుమ్ములో కళ్ళు కనబడక డ్రైవర్లు పోయిన సంగతులు అతనికి తెలుసు. ఆ నలభై నిమిషాల గెలుపును తర్వాత ఎన్ని చోట్ల చెప్పుకున్నాడో లెక్క లేదు. అవి లేకపోతే పన్నెండు కొట్టేసరికి అతని బండి ఈ వంక దాటి పోయుండేది. అయ్యన్న మంద నిదానంగా నీళ్ళకు దిగేది. ఇంతటి సంగతి రెండు నెలలుగా అతనికి తట్టలేదు, మాట్లాడటం ఆపితే కదా తట్టడానికి.

"ఆ ఆలస్యం నా వల్లనే చిన్నాయనా," అన్నాడు మెల్లగా. "పన్నెండు దాటేదాకా రేసును ఆపింది నేనే."

అయ్యన్న దానికి పెద్దగా చలించలేదు. దుమ్ము ఎక్కువగా ఉంటే ఆపాల్సిందే కదా అన్నాడు. అలా అనేసరికి ఈరేష్‌కు ఇంకా కష్టమైంది.

నాగలత వైపు తిరిగి పుస్తకం తియ్యమన్నాడు. రేసుకు రెండు రోజుల ముందు దారి చూడ్డానికి పోయినప్పుడు అతను మలుపులు చెబుతుంటే ఆమె రాసుకునే పుస్తకం అది. ఎందుకో ఆమెకు అర్థమైంది. పెన్ను తీసింది గానీ వెంటనే రాయలేదు. రేసు ఆపింది తనేనని అతను కాగితం మీద ఒప్పుకుంటే సంఘం వాళ్ళు దాన్ని మూడో తప్పుగా పట్టుకుంటారని గుర్తుచేసింది. రెండో దండోరా వేయించని తప్పును కూడా అతని నెత్తినే రుద్దుతారు. లైసెన్సు పోతుంది. కోయంబత్తూరు పోతుంది. ముప్పై రెండేళ్ళ వయసులో ఏడాది ఇంట్లో కూర్చున్న డ్రైవరును మళ్ళీ పిలిచేవాళ్ళు తక్కువ. ఇవన్నీ ఆమె గట్టిగా, నిదానంగా, మలుపులు చదివినట్టే చెప్పింది.

"అన్నీ తెలుసు లతా," అన్నాడు ఈరేష్. "ఇన్నేండ్లు ఊరందరి తప్పులు గొంతెత్తి చెప్పినా. నాది ఒక్కటి చెప్పడానికి నోరు రాకపోతే అది నోరెట్లవుతాది? రాయి."

రాసింది. అతను చెబుతూ పోయాడు. ఆలస్యం తనవల్ల అయిందని, ఊళ్ళో చాటిన గడువు దాటాకే మంద దారి మీదికి వచ్చిందని, కొత్త గడువు ఊరికి చాటించలేదని, మంట ఆర్పింది అయ్యన్న కంబళి అని, బెల్టులు కోసింది హులిగెమ్మ కొడవలి అని, టీవీలో తను అన్న మాటలు తప్పని. ఎప్పుడూ అరుస్తూ మాట్లాడేవాడు ఆ రోజు మామూలు గొంతుతో చెప్పాడు. రెండు పేజీలు నిండాయి. సోమవారం విచారణలో ఇదే చదువుతానన్నాడు. అతని మొహం తేలికపడింది. కోయంబత్తూరు పోయినా పరవాలేదు, ఈ పందిట్లో తలెత్తి రొట్టె తినగలిగితే చాలు అనిపించింది.

ఇంతసేపూ ఏం రాస్తున్నారో తెలియక చూస్తున్న అయ్యన్న, నాగలతను పక్కకు పిలిచి అడిగాడు. ఆమె విప్పి చెప్పింది. వినే కొద్దీ ముసలాయన మొహంలో కంగారు ఎక్కువైంది.

"వద్దు తల్లీ, అది చించేయ్," అన్నాడు. "ఆ పని నిన్ననే అయిపోయిండాది. తప్పంతా నాదేనని నేను యాలిముద్ర ఏసినా."

హులిగెమ్మ తల పక్కకు తిప్పుకుంది. ఆ సంగతి మీద నిన్నటినుంచి మొగుడితో ఆమెకు మాటల్లేవని అప్పుడు తెలిసింది. నిన్న పొద్దున కారు వచ్చింది. ధనుంజయ దిగాడు. లక్ష్మీనరసయ్య శెట్టి కొడుకునని చెప్పుకున్నాడు. గొర్రెల తప్పని తేలకపోతే పిల్లోడి రేసు ఆగిపోతుందని, నువ్వు ఒప్పుకుంటే వాడు గట్టెక్కుతాడని చెప్పాడు. అయ్యన్న క్షణం ఆలోచించలేదు. తన మందను బతికించిన పిల్లోడికి ఆ మాత్రం చేయలేనా అనుకున్నాడు. ఎడమ బొటనవేలు మూడుసార్లు వేసినా ముద్ర పడలేదు, వేలి గీతలు కాలిపోయాయి కదా. చివరికి కుడివేలు వేయించుకున్నారు.

హులిగెమ్మ లోపలికి పోయి జొన్నల గంప కింది నుంచి ఒక జిరాక్స్ కాగితం తెచ్చి నాగలత చేతిలో పెట్టింది. ఆమె చదవడం మొదలుపెట్టింది. దారి మూసి ఉందని తెలిసే, వారించినా వినకుండా, కావాలని మందను రోడ్డు మీదికి తోలాను, డ్రైవరుకు కలిగిన నష్టానికంతా నేనే బాధ్యుణ్ణి. కింద నల్లగా వేలిముద్ర. ఆ కిందికి వచ్చేసరికి నాగలత చదవడం ఆపింది. కాగితం ఈరేష్ వైపు తిప్పింది.

సాక్షి అని రాసి ఉన్న చోట అతని సంతకం ఉంది. అభిమానులకు కాగితాల మీద గీసిచ్చే సంతకమే, చివర పొడుగ్గా లాగే గీతతో సహా. ఆసుపత్రిలో ఇన్సూరెన్సు కోసమని ధనుంజయ నాలుగైదు తెల్లకాగితాలు ముందు పెట్టడం, టీవీ మైకులోకి బండకొట్టాలను తిడుతూనే తను చూడకుండా గీకి పడేయడం ఈరేష్‌కు గుర్తొచ్చింది.

"ఇది నేను రాయల్యా చిన్నాయనా," అన్నాడు. "ఇట్లాంటి కాగితం మీద ఎట్లా ముద్ర ఏసినావు?"

అయ్యన్న వింతగా చూశాడు.

"నాకు చదువు యాడ వస్తాది నాయనా. నీ సంతకం చూపిచ్చినారు. నీ సంతకం చూసే గదప్పా నేను ఏసింది."